ఆ రెండు పేజీలు చివరికి వదిలేశాను

గడువు ఇంకా పదకొండు రోజులుందనగా గ్రాంటు పోర్టల్‌లో మాకు ఖాళీగా మిగిలిన పెట్టె ఒక్కటే: డేటా మేనేజ్‌మెంట్, షేరింగ్ ప్లాన్. సేకరించే డేటాను ఎక్కడ ఎలా దాస్తామో, ఎవరికి ఎలా ఇస్తామో చెప్పే కాగితం. రెండు పేజీలు దాటకూడదు. ప్రపోజల్ మీద అప్పటికే నాలుగు నెలలు కూర్చున్నాం. లక్ష్యాలు తిరగరాశాం, శాంపిల్ సైజు మూడుసార్లు లెక్కేశాం, బడ్జెట్ కోసం అకౌంట్స్ వాళ్ళ చుట్టూ తిరిగాం. ఈ రెండు పేజీలెంత, ఒక సాయంత్రం పని అనుకుని శనివారానికి వదిలేశాను.

మా ప్రాజెక్టు నైట్ డ్యూటీలు చేసే నర్సుల నిద్ర మీద. డేటా మూడు రకాలు. అందరూ నింపే ప్రశ్నపత్రం ఒకటి. రెండు వారాలపాటు చేతికి కట్టుకుంటే నిమిషానికోసారి కదలికల్ని నమోదు చేసే వాచీ రెండోది. కొంతమందితో గంటసేపు కూర్చుని మాట్లాడి రికార్డు చేసే ఇంటర్వ్యూలు మూడోది.

శనివారం నేను రాసింది ఏడు లైన్లు. రాశానని కూడా అనలేను, పాత ప్రపోజల్ నుంచి ఎత్తి పెట్టాను. "సేకరించిన డేటాను సురక్షితమైన సర్వర్‌లో భద్రపరుస్తాం. తగిన అభ్యర్థన వస్తే అర్హులైన పరిశోధకులకు అందజేస్తాం." మిగతా ఐదు లైన్లూ ఇదే బాపతు. మా సీనియర్‌కి చూపించి, "ఇది చాలా సార్?" అని అడిగాను. "చాలమ్మా, దాన్నెవరు చదువుతారు!" అన్నారు.

చదివే మనిషి ఒకావిడ ఉన్నారు. మా దగ్గర ఏ దరఖాస్తు బయటికి వెళ్ళాలన్నా ఈ ప్లాన్‌ను లైబ్రరీలో డేటా వ్యవహారాలు చూసే మేడమ్‌కి ఒకసారి పంపాలి. అదొక లాంఛనం అనుకున్నాను. సోమవారం మధ్యాహ్నానికి ఫైలు తిరిగొచ్చింది. నా ఏడు లైన్లకి పక్కన పదిహేను ప్రశ్నలు. సురక్షితమైన సర్వర్ అంటే ఏది? దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది? వాళ్ళు ఉద్యోగం మారితే? తగిన అభ్యర్థన అంటున్నారు, తగినదో కాదో తేల్చేది ఎవరు? అభ్యర్థన ఏ అడ్రసుకి రావాలి? ఆ ఈమెయిల్ పదేళ్ళ తర్వాత పనిచేస్తుందా?

అన్నిటికంటే కింద ఇంకో లైను. "మీ పీహెచ్‌డీ డేటా కూడా 'అభ్యర్థన మీద ఇస్తాం' అనే రాసుంది కదా మీ పేపర్లో. నేను ఇప్పుడు అభ్యర్థిస్తున్నాను. శుక్రవారంలోగా పంపగలరా?"

రోషం వచ్చింది. ఇప్పుడే పంపిస్తానని పాత హార్డ్ డిస్క్ తీశాను.

ఆరేళ్ళ కిందటి డేటా. ఫోల్డర్లో మూడు ఫైళ్ళున్నాయి: 'ఫైనల్', 'ఫైనల్2', 'ఫైనల్ సార్ చూసింది'. మూడింటిలోనూ వరసల సంఖ్య వేరు. పేపర్లో రాసిన సంఖ్యతో కలిసేది 'ఫైనల్2' అని తేలేసరికే ఓ గంట పట్టింది. తెరిస్తే కాలమ్‌ల పేర్లు 'క్యూ7ఆర్', 'క్యూ7ఆర్ కొత్త' అని ఉన్నాయి. 'ఆర్' దేనికి పెట్టానో గుర్తులేదు. ఆడ, మగ అన్న చోట 1, 2 ఉన్నాయి, ఏది ఎవరో ఎక్కడా రాయలేదు. సరే, ముందు నిద్ర గంటల సగటు చూద్దామని లెక్కేస్తే పద్నాలుగు వచ్చింది. ఏ నైట్ డ్యూటీ నర్సు రోజుకి పద్నాలుగు గంటలు పడుకుంటుంది తల్లీ! కిందికి జరుపుతూ పోతే అక్కడక్కడా 99 కనిపించింది. జవాబు చెప్పని వాళ్ళకి నేనే 99 వేశాను. వేసిన సంగతి ఏ కాగితం మీదా లేదు. నా తలలో ఉండేది, ఆరేళ్ళలో అక్కడి నుంచీ పోయింది.

రెండు సాయంత్రాలు కూర్చున్నాను. ఆఖరికి పాత ఫైళ్ళ మధ్య అచ్చు ప్రశ్నపత్రం ఒకటి దొరికింది, దాని అంచుల్లో పెన్సిల్‌తో కోడ్‌లు రాసి ఉన్నాయి. దాని వల్ల బయటపడ్డాను. గురువారం రాత్రి డేటా పంపుతూ, "ఇది నాకే అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది మేడమ్" అని నిజం రాసేశాను. "మీరు చాలా నయం, కనీసం దొరికింది" అని జవాబొచ్చింది. ఊరికే అన్న మాట కాదది. 2014లో కరెంట్ బయాలజీ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మొక్కలు, జంతువుల మీద వచ్చిన 516 పేపర్లు తీసుకుని వాటి రచయితలను డేటా అడిగి చూశారు. పేపర్ వయసు ఏడాది పెరిగినప్పుడల్లా డేటా ఇంకా మిగిలి ఉండే ఆడ్స్ (ఉండే అవకాశానికీ లేకపోయే అవకాశానికీ ఉన్న నిష్పత్తి) 17 శాతం చొప్పున పడిపోతూ వచ్చాయట. పనిచేసే ఈమెయిల్ అడ్రసు దొరకడమే ఏటికేడు కష్టమవుతోందని కూడా తేల్చారు. అందులో నాలాంటి వాళ్ళ హార్డ్ డిస్కులు ఎన్నో.

ఆ తర్వాత ప్లాన్‌ని మొదటిసారి సీరియస్‌గా చదివాను. అమెరికాలో సైన్సు పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ 2011 జనవరి నుంచే ప్రతి ప్రపోజల్‌తో ఇది అడుగుతోంది. అక్కడే వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ఎన్‌ఐహెచ్ 2003లో పెట్టిన నియమం ఏదో ఒక ఏడాదిలో 5 లక్షల డాలర్లు, అంతకు మించి అడిగే పెద్ద గ్రాంట్లకే వర్తించేది. 2023 జనవరి 25 నుంచి శాస్త్రీయ డేటా పుట్టే ప్రాజెక్టులన్నిటికీ పెట్టారు. యూరోపియన్ యూనియన్ పరిశోధన నిధుల పథకం హొరైజన్ యూరప్ వాళ్ళయితే గ్రాంటు మొదలైన ఆరు నెలల్లోగా పూర్తి ప్లాన్ ఇమ్మంటారు. మా గ్రాంటు వాళ్ళు ఇచ్చిన శీర్షికలు ఎన్‌ఐహెచ్ ఆరు శీర్షికలకు దగ్గరగానే ఉన్నాయి: ఏ డేటా, దాన్ని చదవడానికి ఏ సాఫ్ట్‌వేర్ కావాలి, ఏ ప్రమాణాలు పాటిస్తారు, ఎక్కడ ఎప్పటి నుంచి ఎంతకాలం ఉంచుతారు, ఎవరికి ఏ షరతుల మీద ఇస్తారు, ఇదంతా జరుగుతోందని చూసేదెవరు.

సాఫ్ట్‌వేర్ దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. మేం ఎంచుకున్న వాచీ డేటాను తన సొంత ఫార్మాట్‌లో దాచుకుంటుంది, ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ కొంటే తప్ప తెరుచుకోదు. అందుకని ప్రతి రికార్డింగ్‌నీ దించుకున్న రోజే సీఎస్‌వీగా, అంటే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే మామూలు పట్టికగా కూడా మార్చి పెడతామని రాశాం. ఇది చిన్న విషయమే, ఒక్క వాక్యంతో పోయింది. మమ్మల్ని నిజంగా ఆపేసింది అంగీకార పత్రం, అంటే అధ్యయనంలో చేరేవాళ్ళు సంతకం పెట్టే కన్సెంట్ ఫారం.

ఎథిక్స్ కమిటీకి ఇవ్వడానికి అది అప్పటికే తయారుగా ఉంది. అదీ పాత మూసలోంచి తీసిందే. మేడమ్ దాన్నీ ప్లాన్‌నీ పక్కపక్కన పెట్టి నన్ను చదవమన్నారు. ఫారంలో: "మీరిచ్చే సమాచారాన్ని మా పరిశోధన బృందం తప్ప మరెవరూ చూడరు. అధ్యయనం ముగిసిన ఐదేళ్ళకు నాశనం చేస్తాం." ప్లాన్‌లో: "ఇతర పరిశోధకులకు అందజేస్తాం."

"ఈ రెండు కాగితాల్లో ఏది నిజం?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. నర్సు సంతకం పెట్టేది మొదటి కాగితం మీద. గ్రాంటు ఇచ్చేవాళ్ళు నమ్మేది రెండో కాగితాన్ని. ఒకసారి మొదటి దాని మీద సంతకాలయ్యాక రెండోది ఎంత బాగా రాసినా చెల్లదు. రెండొందల మందిని వెతికి పట్టుకుని మళ్ళీ సంతకాలు అడగడం జరిగే పని కాదు. ప్లాన్ దరఖాస్తులో ఆఖరి పెట్టె కావచ్చు గాని పనిలో మాత్రం కన్సెంట్ ఫారం కంటే ముందు రావాలి. ఈ సంగతి నాకు ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను వినేదాన్నా అన్నది వేరే సంగతి.

ఫారంలో ఆ పేరా కొట్టేసి రెండు విడివిడి ప్రశ్నలు పెట్టాం. అధ్యయనంలో చేరడానికి ఒప్పుకుంటున్నారా అన్నది ఒకటి. మీ గుర్తింపు తీసేసిన డేటాను వేరే పరిశోధకులకు ఇవ్వడానికి ఒప్పుకుంటున్నారా అన్నది ఇంకొకటి. రెండోదానికి వద్దన్నా మొదటిదానిలో చేరొచ్చు. మొదట "అనామకీకరించిన దత్తాంశం" అని రాసి, దాన్ని మా బృందంలోని నర్సు ముందు పెడితే ఆవిడ నా మొహం వంక చూశారు. "మీ పేరు, మీరు పనిచేసే చోటు, మిమ్మల్ని పోల్చుకోవడానికి వీలున్న వివరాలు తీసేశాక మిగిలినది" అని మార్చాను. "మీరెవరో ఎవరికీ ఎప్పటికీ తెలియదు" అని మాత్రం రాయలేదు. ఎందుకు రాయలేదో చెప్పాలి.

ట్రయల్ కోసం మా బృందంలో వాళ్ళమే అంతకుముందే వాచీలు కట్టుకుని రెండు వారాలు తిరిగాం. ఆ ఫైళ్ళలో పేర్లు తీసేసి నంబర్లు పెట్టాను. పని అయిపోయిందనుకున్నాను. మా నర్సు మేడమ్ తన ఫైలు ఏదో చెప్పకుండానే స్క్రీన్ మీద గ్రాఫులన్నీ చూస్తూ వెళ్ళి నాలుగో దాని దగ్గర వేలు పెట్టారు. "ఇది నాది. మంగళవారం డబుల్ డ్యూటీ చేశాను, చూడండి, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా కూర్చోనే లేదు."

"మీది కాబట్టి మీరు పట్టుకున్నారు" అన్నాను.

"నాదే కానక్కర్లేదు మేడమ్. మా వార్డులో డ్యూటీ రోస్టర్ గోడ మీదే అతికించి ఉంటుంది. ఏ తేదీన ఎవరు నైటో అందులో ఉంటుంది. దాన్నీ దీన్నీ పక్కన పెట్టుకుంటే ఎవరైనా చెప్తారు."

తేదీలు తీసేసి 'మొదటి రోజు, రెండో రోజు' అని పెడితే? రెండు రాత్రులు డ్యూటీ, ఒక సెలవు, మూడు పగళ్ళు, మళ్ళీ రాత్రి... రెండు వారాల ఆ వరసే ఒక మనిషికి వేలిముద్రలాంటిది. తేదీ లేకపోయినా రోస్టర్‌తో సరిపోతుంది. ప్రశ్నపత్రం సంగతీ అంతే. వయసు 57, మగ నర్సు, పిల్లల వార్డు, ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. ఈ నాలుగు గడులూ కలిస్తే పేరెందుకు?

ఇది కొత్త సంగతేమీ కాదని తర్వాత చదువుకున్నాను. 1990ల్లో మసాచుసెట్స్‌లో ప్రభుత్వ ఉద్యోగుల ఆసుపత్రి రికార్డులు పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చారు. అప్పుడు విద్యార్థినిగా ఉన్న లటానియా స్వీనీ 20 డాలర్లు పెట్టి ఓటర్ల జాబితా కొని, పుట్టిన తేదీ, లింగం, పిన్ కోడ్ లాంటి జిప్ కోడ్ కలిపి చూస్తే ఏకంగా గవర్నర్ విలియం వెల్డ్ రికార్డే దొరికింది. ఆ మూడు వివరాలతోనే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని ఆమె తర్వాత లెక్కగట్టారు. ఆవిడకి ఓటర్ల జాబితా, మా వార్డుకి రోస్టర్.

దీంతో నేను అటు కొసకి వెళ్ళిపోయాను. ఏదీ ఇవ్వొద్దు, అన్నీ మూసేద్దాం అన్నాను. లైబ్రరీ మేడమ్ ఒప్పుకోలేదు. యూరప్ వాళ్ళు వాడే మాట ఒకటి చెప్పారు: వీలైనంత తెరిచి, అవసరమైనంత మూసి. మొత్తం డేటాని ఒకే ముద్దగా చూడటం నా పొరపాటు. రెండో ప్రశ్నకు ఒప్పుకున్న వాళ్ళ డేటాకే, మూడు రకాలకి మూడు తలుపులు పెట్టాం. ప్రశ్నపత్రంలో వయసుల్ని పదేళ్ళ గుంపులు చేసి, చిన్న వార్డుల్ని కలిపేసి, సర్వీసు ఏళ్ళూ పిల్లల సంఖ్యా తీసేసి, దాన్ని మాత్రం ఎవరైనా దించుకునేలా పెడతాం. వాచీ డేటాలో మనిషికి రెండు వారాల సగటులు మాత్రమే బహిరంగం. నిమిషం నిమిషం రికార్డులు కావాలంటే ఎవరో, ఎందుకో రాసి, మనుషుల్ని గుర్తుపట్టే ప్రయత్నం చేయబోమని ఒప్పందం మీద సంతకం పెట్టి తీసుకోవాలి. ఇంటర్వ్యూల ఆడియో ఎవరికీ లేదు, గొంతు పేరుకంటే ఎక్కువ చెప్తుంది. ఆ మాటల్ని కాగితం మీద పెట్టిన రాతప్రతులు కూడా ఒప్పందం మీదే. మేం అడిగిన ప్రశ్నల జాబితా మాత్రం అందరికీ. ఇంకొకటి, నేనైతే మర్చిపోయేదాన్ని: ఒకే మనిషికి బహిరంగ ఫైల్లో ఒక నంబరు, లోపలి ఫైళ్ళలో వేరే నంబరు ఉండాలి. లేకపోతే మూడు తలుపులకీ ఒకటే తాళం.

ఎక్కడ పెట్టాలన్నది అంత కష్టం కాలేదు. నేను మొదట జెనోడో అని రాశాను. పరిశోధన డేటాను ఆన్‌లైన్‌లో దాచే రిపాజిటరీ అది. యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధనా కేంద్రం సెర్న్ నడుపుతుంది, 2013 నుంచి ఉంది, ఖర్చు లేదు, ఒక్కో రికార్డుకి 50 జీబీ దాకా పడుతుంది, పెట్టగానే డీఓఐ, అంటే ఆ ఫైలుకి మారని గుర్తింపు సంఖ్య ఇస్తుంది. కానీ మన రంగానికంటూ రిపాజిటరీ ఉంటే ముందు దాన్ని చూడాలట. నిద్ర పరిశోధనకి నేషనల్ స్లీప్ రీసెర్చ్ రిసోర్స్ ఉంది, అక్కడ ఒప్పందం మీద డేటా ఇచ్చే పద్ధతి ముందే నడుస్తోంది. అందుకని బహిరంగ ఫైళ్ళు జెనోడోలో, లోపలివి ఆ తరహా చోటులో అని విడదీసి, వాళ్ళకి ముందుగా రాసి అడుగుతామని చెప్పాం. లైసెన్సు సీసీ బై 4.0, మా పేరు చెప్పి ఎలాగైనా వాడుకోవచ్చు. దీని మీద పావుగంట కూడా చర్చ జరగలేదు.

చర్చ జరిగింది డబ్బు మీద. ఫైళ్ళు శుభ్రం చేయడం, ఏ కాలమ్‌కి, ఏ అంకెకి అర్థమేమిటో చెప్పే కోడ్‌బుక్ రాయడం, రాతప్రతుల్లో పేర్లు వెతికి తీయడం, ఇవన్నీ ఎవరో కూర్చుని చేయాల్సిన పని. దానికి ఏడాదికి రెండు నెలల జీతం బడ్జెట్లో పెడదామన్నాను. మా సీనియర్ కళ్ళజోడు తీశారు. "దానికి వేరే మనిషెందుకమ్మా, ఆఖర్లో స్టూడెంట్ ఎవరో ఒకరు చేసేస్తారు."

"ఆరేళ్ళ కిందట ఆ స్టూడెంట్ని నేనే సార్" అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వి, కాన్ఫరెన్సు ప్రయాణాల్లోంచి ఒకటి కోసేశారు. ఇలాంటి ఖర్చు అడగొచ్చని చాలామందికి తెలియదు. ఎన్‌ఐహెచ్ అయితే డేటా సిద్ధం చేసే ఖర్చునీ రిపాజిటరీ రుసుమునీ గ్రాంటులో అడగనిస్తుంది, కాకపోతే ఆ డబ్బు ప్రాజెక్టు కాలంలోనే కట్టేయాలి. తర్వాత పదేళ్ళు ఉండే చోటుకి కూడా ఇప్పుడే కట్టాలి.

ఎప్పుడు ఇస్తారన్న ప్రశ్న దగ్గర మాత్రం నాకు మనసు ఒప్పలేదు, ఇప్పటికీ పూర్తిగా ఒప్పదు. రాత్రి రెండింటికి వార్డుల్లో తిరిగి డేటా తెచ్చేది మేము. ఫైలు దించుకుని మాకంటే ముందు పేపరేసేది ఇంకొకరైతే? పెద్ద బృందాలకి ఈ భయం తక్కువ, ఫైలు చేతికొచ్చిన నెలకే విశ్లేషణ ముగించగలవు. మాకు చేసే మనుషులు ఇద్దరు. ఎన్‌ఐహెచ్ నియమం పేపర్ అచ్చయినప్పుడో గ్రాంటు ముగిసినప్పుడో, ఏది ముందైతే అప్పుడు ఇమ్మంటుంది. మేమూ అలాగే రాశాం: ఏ పేపర్ వెనక డేటా ఆ పేపర్‌తో, మిగతాది గ్రాంటు ఆఖరి రోజుకి. ఆ ఆఖరి రోజులోపు మా రెండో పేపర్ రావాలని దేవుణ్ణి మొక్కుకోవడం ప్లాన్‌లో రాసేది కాదు కదా.

బాధ్యత ఎవరిదన్న చోట "బృందం" అని రాస్తే మేడమ్ కొట్టేశారు. "బృందం అనే మనిషి ఎవరూ ఉండరు." నా హోదా రాసి, నేను వెళ్ళిపోతే లైబ్రరీ డేటా విభాగం అని రాశాం. గడువుకి ఆరు గంటల ముందు అప్‌లోడ్ చేశాను. ఆ టెన్షన్‌లో పేజీలు లెక్కపెడితే రెండుంపావు వచ్చింది, ఫాంట్ జోలికి పోకుండా విశేషణాలన్నీ పీకేస్తే సరిగ్గా రెండయింది.

గ్రాంటు వచ్చింది. రివ్యూయర్లు ప్లాన్ గురించి అన్నది ఒకే ఒక్క మాట: ఇంటర్వ్యూ ఆడియోను ఎప్పుడు చెరిపేస్తారో రాయలేదు. నిజమే, రాయలేదు. రాతప్రతి సరిచూసిన తొంభై రోజులకు అని చేర్చాం.

మొదటి మనిషి సంతకం పెట్టకముందే కోడ్‌బుక్‌లో మొదటి వరస నింపాను: జవాబు లేని చోట ఖాళీ వదలాలి, 99 వేయకూడదు. ఆ వారంలోనే ఒక నర్సు కన్సెంట్ ఫారం చాలాసేపు చదివి, రెండో ప్రశ్న దగ్గర పెన్ను ఆపారు.

"వేరే ఊళ్ళలో చదువుకునే వాళ్ళకి ఇస్తారా?"

"ఇస్తామండీ, ఒప్పందం మీద."

"ఇవ్వండి, పనికొస్తే మంచిదే. మా సూపర్‌వైజర్ అడిగితే మాత్రం ఇవ్వకండి."

మా ఒప్పందంలో ఆ మాట లేదు. అర్హులైన పరిశోధకులు అని ఉంది, ఒక ఆసుపత్రి యాజమాన్యం తన పరిశోధన విభాగం పేరుతో అడిగితే కాదనడానికి ఆధారం లేదు. ఆవిణ్ణి ఆ రోజు రెండో గడి ఖాళీగా వదిలేయమని, మార్చాక మళ్ళీ వస్తానని చెప్పాను. ప్లాన్‌ని మధ్యలో సవరించుకోవచ్చు, గ్రాంటు వాళ్ళ అనుమతి తీసుకుంటే చాలు. పాల్గొన్నవారి యజమానులకూ పైఅధికారులకూ లోపలి ఫైళ్ళు ఇవ్వబోమన్న వాక్యం రాసి మేడమ్‌కి పంపాను. "బాగుంది, కానీ రెండు పేజీలు దాటింది" అన్నారు.

ఏం తీయాలా అని మొదటి నుంచి చదివితే, శనివారం నాటి ఏడు లైన్లలోది ఒకటి ఇంకా అక్కడే ఉంది. "సురక్షితమైన సర్వర్‌లో భద్రపరుస్తాం." అది తీసేశాను, చోటు సరిపోయింది.